తపాలా నిలిచిన వారంలో రాసిన ఉత్తరాలు: డబ్లిన్, 1916

తపాలా_తాత · ఆదివారం ఉదయం 7:40

నేను ముప్ఫై నాలుగేళ్లు తంతి తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చరిత్ర పుస్తకంలో ఎక్కడైనా పోస్టాఫీసు కనిపిస్తే కళ్లు అక్కడే ఆగిపోతాయి. రాజులూ యుద్ధాలూ ఆ తర్వాతే. ఐర్లండులో 1916 ఏప్రిల్‌లో జరిగి, ఆరు రోజుల్లో అణిగిపోయిన ఈస్టర్ తిరుగుబాటు గురించి ఒకావిడ తన తోబుట్టువుకు రాసిన ఉత్తరాలు ఈ మధ్య చదివాను. (ఇంగ్లీషులో అక్కకూ చెల్లెలికీ ఒకటే మాట కాబట్టి తోబుట్టువు అంటున్నాను.) ఆవిడ పేరు మేరీ లూయిజా నార్వే. నార్వే అన్నది దేశం కాదు, ఇంటిపేరు. భర్త ఆర్థర్ హామిల్టన్ నార్వే, ఐర్లండు మొత్తానికీ తపాలా శాఖ కార్యదర్శి. తిరుగుబాటుదారులు ప్రధాన స్థావరంగా ఎంచుకున్నదేమో సాక్‌విల్ వీధిలోని ఆయన ఆఫీసునే, జనరల్ పోస్టాఫీసును.

ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం, సెలవు రోజు. అయినా నార్వే ఆఫీసుకు వెళ్లాడు. పన్నెండుకు కాస్త ముందు, ప్రభుత్వ కార్యాలయాలుండే డబ్లిన్ కోట నుంచి ఫోను వచ్చింది, వెంటనే రమ్మని. తిరుగుబాటు అనుమానాలున్నాయి, ఫోన్లనూ తంతినీ ఎలా కట్టడి చేయాలో మాట్లాడాలి. ఆయన కుర్చీలోంచి లేచి వెళ్లిన కొద్దిసేపటికే, పన్నెండు దాటాక, సాయుధులు పోస్టాఫీసులోకి చొరబడ్డారు. ఆయన కోటలో కూర్చుని ఉండగానే అక్కడి గేటు దగ్గరా తుపాకీ మోగింది. ఫోను ఆలస్యమై ఉంటే తిరుగుబాటుదారుల చేతికి చిక్కిన మొదటి పెద్ద అధికారి ఆయనే అయ్యేవాడు.

మా శాఖ వాళ్ల కడుపు మండే సంగతి ఒకటుంది. పోస్టాఫీసు పై అంతస్తులో తంతి యంత్రాల గది. దానికి సైనికుల కాపలా. వాళ్ల చేతుల్లో తుపాకులున్నాయి, తూటాలు లేవు! కాపలా అంటే తుపాకీ కనిపిస్తే చాలని ఎవరో పెద్దాయన తీర్మానించి ఉంటాడు. ఇలాంటి తీర్మానాలు నా సర్వీసులో బోలెడు చూశాను.

భార్య డాసన్ వీధిలోని రాయల్ హైబర్నియన్ హోటల్లో ఉంది. మంగళవారం నాడు మొదటి ఉత్తరం మొదలుపెట్టింది. పత్రికల్లో చూసి కంగారు పడుతుంటావు, ఉత్తరం గానీ తంతి గానీ వెళ్లే దారి లేదు, దారి తెరుచుకోగానే పంపిస్తాను అంటూ రాస్తుంది. తపాలా శాఖ అధిపతి భార్యకే ఉత్తరం పోస్టు చేసే దిక్కు లేదు. నన్ను కట్టిపడేసింది అదే. మిగతావారు ఏమంటారో చెప్పండి.

కొత్తగా_చేరాను · ఆదివారం ఉదయం 8:15

తాతగారూ, బాగుంది. కానీ నాకు మొదలే తెలియదు. ఎవరు తిరగబడ్డారు, ఎందుకు? బ్లడీ సండే అంటారే, అది ఇదేనా?

లెక్క_తప్పదు · ఆదివారం ఉదయం 9:02

కాదండీ, అది వేరు. ఆ పేరుతో డబ్లిన్‌లో 1920లో ఒకటి, ఉత్తర ఐర్లండులోని డెర్రీలో 1972లో ఒకటి జరిగాయి. ఇది వాటికి ముందుది.

క్లుప్తంగా చెబుతాను. ఐర్లండుకు స్వపరిపాలన ఇచ్చే హోంరూల్ చట్టం 1914లో బ్రిటిష్ పార్లమెంటులో నెగ్గింది, ప్రపంచయుద్ధం పేరుతో అటకెక్కింది. ఇంగ్లండుకు యుద్ధం వచ్చిన వేళే మనకు అదను అన్నవారు కొందరు. రహస్య సంఘమైన ఐరిష్ రిపబ్లికన్ బ్రదర్‌హుడ్, ఐరిష్ వాలంటీర్లు అనే సాయుధ దళంలో ఒక వర్గం, జేమ్స్ కానలీ నడిపే కార్మికుల సిటిజన్ ఆర్మీ కలిసి లేచాయి. పోస్టాఫీసు ముందు నిలబడి రిపబ్లిక్ ప్రకటన చదివింది పాట్రిక్ పియర్స్, వృత్తికి బడిపంతులు. దాని కింద ఏడుగురి పేర్లున్నాయి.

ఓడిపోవడానికి బీజం ముందు రోజుల్లోనే పడింది. జర్మనీ నుంచి 20,000 తుపాకులతో వచ్చిన ఓడ పట్టుబడి, క్వీన్స్‌టౌన్ రేవు దగ్గర దాన్ని కెప్టెనే ముంచేశాడు. అది తెలిసి వాలంటీర్ల అధినేత మెక్‌నీల్ ఆదివారం పత్రికలో ప్రకటన వేయించాడు: ఈరోజు కవాతులన్నీ రద్దు. ఆ కవాతుల ముసుగులోనే దేశమంతా లేవాల్సింది, దాదాపు డబ్లిన్‌కే పరిమితమైంది. సోమవారం నాడు బయటికి వచ్చినవారు సుమారు వెయ్యిన్నర. వారం చివరికి ఎదురుగా నిలిచిన సైన్యం 16,000 పైనే.

ఎర్రసిరా · ఆదివారం ఉదయం 10:30

తాతగారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. పియర్స్ రాశాడు, కానలీ రాశాడు, కాల్చివేతకు ముందు రాత్రి తల్లులకూ భార్యలకూ రాసిన చివరి ఉత్తరాలున్నాయి. అవన్నీ వదిలేసి పెద్ద హోటల్లో బస చేసిన దొరసాని రాతలు మనకెందుకు? ఆవిడకు ఆ వారమంతా కనిపించింది దోపిడీ, మంటలు, అసౌకర్యం. పదహారు మందిని కాల్చి చంపిన ప్రభుత్వానికి ఆమె భర్త అధికారి. అల్లూరి సీతారామరాజు పోరాటం గురించి ఏ కలెక్టరు భార్యో రాసి ఉంటే దాన్ని ఇలాగే మురిసిపోతూ చదివేవారా?

లెక్క_తప్పదు · ఆదివారం ఉదయం 10:41

కాల్చినవారు పదిహేను మంది. మే 3 నుంచి 12 వరకు డబ్లిన్‌లోని కిల్మైన్‌హామ్ జైల్లో 14 మందిని, కార్క్‌లో థామస్ కెంట్‌ను. పదహారో వ్యక్తి రోజర్ కేస్‌మెంట్. ఆయన్ను ఆగస్టు 3న లండన్‌లో ఉరితీశారు.

తపాలా_తాత · ఆదివారం ఉదయం 11:20

ఎర్రసిరా గారూ, కలెక్టరు భార్య అలాంటి ఉత్తరాలు రాసి ఉంటే తప్పకుండా చదివేవాణ్ణి, మురవకుండానే.

తిరగబడినవారికి తాము ఏం చేస్తున్నామో తెలుసు. పియర్స్ ప్రకటన చదువుతున్నప్పుడే చరిత్ర వైపు చూస్తూ చదివాడు. ఈమెకు అది లేదు. బుధవారం రాసే మాటకు గురువారం ఏమవుతుందో తెలియదు. జర్మన్లు దిగారట, ఫలానా చోట వందలమంది పోయారట అని ఊరంతా పుకార్లే. పత్రికల్లేవు, తపాలా లేదు, నోటిమాటే వార్త. రోజుకో ముక్క చేరుస్తూ రాస్తూ పోయింది, ముందు రోజు తప్పును మర్నాడు దిద్దుకుంటూ. ఏడాది తర్వాత జ్ఞాపకాలు రాసేవాళ్లు ఆ తప్పుల్ని తీసేస్తారు. నాకు ఆ తప్పులు కావాలి.

మనుషుల పేర్లకు పొడి అక్షరాలే వేస్తుంది. భర్త ‘హెచ్’, కొడుకు ‘ఎన్’. తంతి రాసే అలవాటున్న ఇల్లు కదా, అక్షరానికి డబ్బు లెక్క అని నాకు నేనే నవ్వుకున్నాను.

కొండపల్లి_బొమ్మ · ఆదివారం మధ్యాహ్నం 12:05

ఆ ‘ఎన్’ ఎవరో చెప్పకుండా వదిలేశారేమిటి తాతగారూ! నెవిల్. అప్పటికి పదిహేడేళ్లు. తర్వాత విమానాల ఇంజనీరయ్యాడు, నెవిల్ షూట్ పేరుతో ప్రపంచమంతా చదివిన నవలలు రాశాడు. ఆ వారం అంబులెన్సు దళంలో చేరి స్ట్రెచర్ మోశాడు, కాల్పుల మధ్య నుంచి గాయపడ్డవాళ్లను ఎత్తుకొచ్చాడు. తర్వాత ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

నేను ఆ ఉత్తరాలను తల్లి రాతగానే చదివాను. పెద్దకొడుకు ఫ్రెడ్ 1915లో ఫ్రాన్సు యుద్ధరంగంలో గాయపడి చనిపోయాడు. ఏడాది కూడా తిరగలేదు. ఉన్న ఇల్లు వదిలేసి హోటల్‌కు మారారు. హోటల్ గదిలో విలువైనవి పెట్టుకోలేం కదా, నగలు, వెండి, ఫ్రెడ్ జ్ఞాపకాలు అన్నీ భర్త ఆఫీసులో దాచిపెట్టింది. ఊరిలో అంతకంటే భద్రమైన చోటు ఏముంటుంది? జనరల్ పోస్టాఫీసు! అప్పుడే మరమ్మతులు చేసి, హంగులు దిద్ది తెరిచిన భవనం. శుక్రవారం నాటికి పైకప్పు కూలి, బయటి గోడలు మాత్రం మిగిలాయి.

ఒక కొడుకు వస్తువులు ఆ మంటల్లో ఉన్నాయి. రెండో కొడుకు ఆ మంటల చుట్టూ స్ట్రెచర్ పట్టుకుని తిరుగుతున్నాడు. ఎర్రసిరా గారూ, ఆవిడ దొరసానే. కాదనను. కానీ గురువారం రాత్రి ఊరంతా ఎర్రగా మండుతుంటే హోటల్లోంచి చూస్తూ నిలబడిపోయిన దృశ్యం రాస్తుంది చూడండి, అక్కడ అసౌకర్యం మాట లేదు.

ఎర్రసిరా · ఆదివారం మధ్యాహ్నం 1:48

కొండపల్లి_బొమ్మ గారూ, ఒప్పుకున్నాను, అది నాకు తెలియదు. ఉత్తరాలు మళ్లీ చూస్తాను.

దోపిడీ విషయంలో మాత్రం తగ్గను. సాక్‌విల్ వీధిలో మొదట పగిలింది మిఠాయి దుకాణం అద్దం. తర్వాత బట్టలు, చెప్పులు, బొమ్మలు. లారెన్స్ బొమ్మల దుకాణంలోంచి పిల్లలు టపాకాయలు తెచ్చి నడివీధిలో కుప్పపోసి అంటించారు. అటు తూటాలు, ఇటు తారాజువ్వలు. పెద్ద ఇళ్లవాళ్లకు అది అసహ్యంగా తోచింది. కానీ ఆ పిల్లలెవరు? వీధి వెనకే యూరప్‌లోకెల్లా అధ్వానమైన మురికివాడలు. అప్పట్లో డబ్లిన్ నడిబొడ్డున సుమారు 26,000 కుటుంబాలు పాడుబడ్డ భవనాలను గదులుగా పంచుకుని బతికేవి. అందులో 20,000 కుటుంబాలకు ఒక్క గదే ఇల్లు. 1913లో చర్చి వీధిలో అలాంటి ఇళ్లు కూలి ఏడుగురు చచ్చిపోయారు. అదే ఏడాది యజమానులు కార్మికులకు నెలల తరబడి పని లేకుండా చేశారు, కానలీ పెరిగింది ఆ పోరాటంలోంచే. కాళ్లకు జోళ్లు లేని పిల్లవాడికి జోళ్ల దుకాణం అద్దం పగిలి కనిపిస్తే రిపబ్లిక్ గురించి ఆలోచిస్తాడా?

తపాలా_తాత · ఆదివారం మధ్యాహ్నం 2:30

ఈ మాట బాగా చెప్పారు. దీనికి నా శాఖ తరఫున ఒకటి జోడిస్తాను.

పోస్టాఫీసు ముందు తిరుగుబాటుదారులను నానా తిట్లూ తిట్టినవారిలో ముందున్నది ఆ మురికివాడల ఆడవాళ్లే. వాళ్ల భర్తలు బ్రిటిష్ సైన్యంలో చేరి ఫ్రాన్సులో ఉన్నారు. ఆ కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భత్యం పోస్టాఫీసు ద్వారా అందేది. పోస్టాఫీసు మూతపడితే పొయ్యి వెలగదు. నేను పనిచేసిన ఊళ్లో గల్ఫ్ నుంచి మనియార్డరు ఒకరోజు ఆలస్యమైతే కౌంటరు ముందు ఎలాంటి గొడవ జరిగేదో నాకు తెలుసు కనుక ఆ తిట్లు నా చెవుల్లో వినిపించాయి. దేశం కోసం ప్రాణాలివ్వడానికి వచ్చినవాళ్లకు ఎదురుపడిన మొదటి శత్రువు ఆ ఇల్లాలే.

లెక్క_తప్పదు · ఆదివారం మధ్యాహ్నం 3:10

ఆ ఇల్లాళ్ల కోపానికి ఇంకో వైపు. అదే వారం, ఏప్రిల్ 27 నుంచి 29 వరకు, ఫ్రాన్సులో హల్లుక్ దగ్గర జర్మన్లు విషవాయువు వదిలారు. అక్కడ చనిపోయిన ఐరిష్ డివిజన్ సైనికులు 500 మందికి పైనే. డబ్లిన్‌లో ఆ వారం అన్ని పక్షాలూ కలిపి పోయినవారు 485 అని లెక్క తేల్చారు, అందులో సగానికి పైగా మామూలు జనం. పిల్లలే 40 మంది దాకా.

లిఫీ_గట్టున · ఆదివారం సాయంత్రం 5:25

డబ్లిన్‌లో ఉంటున్నాను, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. రోజూ ఆ పోస్టాఫీసు ముందు నుంచే వెళ్తాను. సాక్‌విల్ వీధి ఇప్పుడు ఓ'కానెల్ వీధి. ముందు వైపు పెద్ద రాతి స్తంభాలున్నాయి. వాటి మీద చెయ్యి పెడితే వేలు సగం దిగేంత గుంటలు తగులుతాయి, తూటాల గుర్తులని చూపిస్తారు. వీధి చివర ఓ'కానెల్ విగ్రహం చుట్టూ రెక్కల దేవతలు కూర్చుని ఉంటారు. ఒకామె గుండె మీద తూటా రంధ్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి తెలుగు కుటుంబాన్నీ నేను తీసుకెళ్లి చూపించేది అదే, ఆ తర్వాతే బట్టల దుకాణాలు.

లోపల ఒక మూల కుహులిన్ కంచు విగ్రహం ఉంది. ఐరిష్ పురాణ వీరుడు, చనిపోతూ కూడా శత్రువుల ముందు కింద పడకూడదని రాయికి తనను తాను కట్టేసుకున్నవాడు. ఆ పక్కనే స్టాంపుల కౌంటరు, క్యూలో ముసలివాళ్లు. భవనం మళ్లీ పూర్తిగా తెరుచుకునేసరికి 1929 అయింది.

కిందటి వేసవిలో స్టీఫెన్స్ గ్రీన్ పార్కులో కూర్చుంటే ఒక స్థానిక పెద్దాయన చెప్పిన సంగతి. అది నిజంగా జరిగిందే. ఆ పార్కులో సిటిజన్ ఆర్మీ కందకాలు తవ్వింది, ఎదురుగా షెల్బర్న్ హోటల్ పై నుంచి సైనికులు మెషిన్ గన్లు పేల్చేవారు. రోజూ కాసేపు రెండు వైపులా కాల్పులు ఆపేవారట, తోటమాలి జేమ్స్ కియర్నీ వచ్చి చెరువులో బాతులకు మేత వేసి వెళ్లడానికి. నార్వే గారు ఉన్న డాసన్ వీధి ఆ పార్కు దగ్గరే మొదలవుతుంది. ఆ హోటల్ మాత్రం ఇప్పుడు లేదు.

కొత్తగా_చేరాను · ఆదివారం సాయంత్రం 6:00

బాతుల కోసం కాల్పులు ఆపారా! ఆ మాత్రం తెలివి ఉన్నవాళ్లు పిల్లల కోసం ఆపలేకపోయారా?

మదనపల్లె_టమాటా · ఆదివారం రాత్రి 7:15

ఇంతసేపూ ఎవరైనా చెబుతారని చూశాను. వి.వి. గిరి గారిని మరిచారా? బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన మన మాజీ రాష్ట్రపతి 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదివారు. ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకరైన థామస్ మెక్‌డొనా, యూనివర్సిటీ కాలేజీలో ఆయనకు సాహిత్యం బోధించిన మాస్టారు. మే 3న ఆ మాస్టారిని కాల్చేశారు. గిరి గారు అదే ఏడాది ఐర్లండు వదిలి వచ్చేశారు. తర్వాత జీవితమంతా రైల్వే కార్మికుల సంఘాలతో గడిపారంటే కానలీ ప్రభావమని ఆయనే చెప్పుకున్నారు.

ఇక మా ఊరి సంగతి. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్ 1915లో మద్రాసు వచ్చి అనీబిసెంట్ పత్రికలో పనిచేశాడు. డబ్లిన్ వార్త వచ్చింది. పోయినవాళ్లలో కవులు ఆయనకు స్నేహితులు. వాళ్లను మెచ్చుకుంటూ పత్రికలో రాశాడు. బిసెంట్ ఆయన్ను పత్రిక నుంచి తప్పించింది, ఆయన మా మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి చేరాడు. 1919లో టాగూరు అక్కడికే వచ్చి జనగణమనను ఇంగ్లీషు చేసింది, కజిన్స్ భార్య మార్గరెట్ స్వరం కూర్చింది. డబ్లిన్ పోస్టాఫీసు పేలకపోతే మా ఊరికి ఆ కబుర్లేవీ ఉండేవి కావు. మాకు టమాటాలే మిగిలేవి.

నిర్వాహకుడు · ఆదివారం రాత్రి 7:40

మదనపల్లె గారూ, టాగూరు గురించి వేరే చర్చ ఉంది, దయచేసి అక్కడ కొనసాగించండి. ఇక్కడ డబ్లిన్ వరకే ఉందాం.

ఎర్రసిరా · ఆదివారం రాత్రి 8:20

ఉత్తరాలు మళ్లీ చూశాను. ఒక్క సంగతి నన్ను వదలడం లేదు. ఆమె చేసిన పొరపాటు ఊరంతా చేసింది: తిరగబడినవాళ్లందరినీ ‘సిన్ ఫెయినర్లు’ అంటుంది. నిజానికి సిన్ ఫెయిన్ పార్టీ ఆ తిరుగుబాటు చేయలేదు. పత్రికలూ పోలీసులూ అదే పేరు పెట్టి పిలిచారు. పిలవగా పిలవగా ఆ పేరే నిలిచింది. 1918 ఎన్నికల్లో ఐర్లండులోని 105 స్థానాల్లో 73 ఆ పార్టీకే వచ్చాయి. శత్రువులే పేరు పెట్టి, శత్రువులే పెంచి పెద్ద చేశారు.

జనం మనసు ఎప్పుడు తిరిగిందో కూడా ఇందులోంచి ఊహించవచ్చు. ఏప్రిల్ 29న పియర్స్ లొంగిపోయాడు. కబురు మోసింది నర్సు ఎలిజబెత్ ఓ'ఫారెల్. ఖైదీలను నడిపించుకుపోతుంటే జనం కొన్ని వీధుల్లో ఉమ్మేశారు. తర్వాత బ్రిటిష్ సేనాధిపతి జనరల్ మాక్స్‌వెల్ పది రోజుల పాటు విడతలు విడతలుగా కాల్పించాడు. ఒక్కరోజే అయిపోయి ఉంటే ఏమయ్యేదో. తెల్లవారితే ఇవాళ ఎవరు అన్న ప్రశ్నతో ఊరు లేచింది. ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకడైన ప్లంకెట్‌కు చనిపోయే ముందు రాత్రి జైల్లోనే పెళ్లి. కాలు ఛిద్రమైన కానలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. తుపాకీ పట్టని శాంతివాది షీహీ స్కెఫింగ్టన్‌నైతే విచారణే లేకుండా ఏప్రిల్ 26ననే సైనిక శిబిరంలో కాల్చేశారు. తిట్టిన ఇల్లాళ్లే తర్వాత చర్చిల్లో వాళ్ల పేరున ప్రార్థనలు చేయించారు.

తపాలా_తాత · ఆదివారం రాత్రి 9:05

అవును. ఆమె రాసే వేళకు అది ఓడిపోయిన తిరుగుబాటు, అంతే. ఆ ఉత్తరాలు 1916లోనే లండన్‌లో పుస్తకంగా అచ్చయ్యాయి. రెండేళ్లు ఆగి ఉంటే ఆ సిరా అలా ఉండేది కాదు.

నా వైపు నుంచి రెండు ముక్కలు మిగిలాయి. తిరుగుబాటుదారులు పోస్టాఫీసు పట్టారు, తంతి ఆగింది. కానీ క్రౌన్ ఆలీలోని టెలిఫోన్ ఎక్స్ఛేంజీని పట్టలేదు. అక్కడి ఉద్యోగినులు తూటాల మధ్య కూర్చుని లైన్లు కలుపుతూనే ఉన్నారు. సైన్యానికి కబుర్లు అందింది దాని ద్వారానే. అదీ చిక్కి ఉంటే కథ మరికొన్ని రోజులు సాగేది. రెండోది, పోస్టాఫీసులో ప్లంకెట్ పక్కన సహాయకుడిగా నిలబడ్డ పాతికేళ్ల కుర్రాడు మైకేల్ కాలిన్స్. వాడు అంతకుముందు లండన్‌లో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తా! మావాడే! తర్వాత బ్రిటిష్ సామ్రాజ్యానికి నిద్రపట్టనివ్వనివాడు అతనే.

ఈ ఉత్తరాలు చదువుతూ నాకు మా తంతి గదే గుర్తొచ్చింది. చావు కబురు తంతికి మేము ఎక్స్ ఎక్స్ అని గుర్తు వేసేవాళ్లం. అది కనిపిస్తే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దాన్ని పంపాలి. వానైనా రాత్రైనా సైకిలు బయలుదేరాలి. సోమవారం మధ్యాహ్నం పన్నెండుకు డబ్లిన్ తంతి గదిలో అలాంటివి ఎన్ని సగంలో ఆగిపోయాయో అని ఆ రాత్రి చాలాసేపు పడుకోలేదు. మన దగ్గర తంతి 2013 జూలైలో ఆగింది. చివరి రోజు కౌంటరు ముందు క్యూ కట్టినవాళ్లంతా సరదాకి పంపుకున్నవాళ్లే.

కొండపల్లి_బొమ్మ · ఆదివారం రాత్రి 9:30

తాతగారూ, వాడు అంటున్నారు కాలిన్స్‌ని. లెక్క_తప్పదు గారు వచ్చేలోగా దిద్దుకోండి.

లెక్క_తప్పదు · ఆదివారం రాత్రి 9:34

వచ్చేశాను. శాఖాభిమానం కింద వదిలేస్తున్నాను.

లిఫీ_గట్టున · ఆదివారం రాత్రి 10:10

తాతగారూ, రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆ కౌంటర్లోనే ఒక కార్డు కొని మీకు పోస్టు చేస్తాను. మీ చిరునామా వ్యక్తిగత సందేశంలో పంపండి. రిజిస్టరు చేయమంటారా?

తపాలా_తాత · సోమవారం ఉదయం 5:50

పంపాను బాబూ. రిజిస్టరు వద్దు, మామూలుగానే వేయి. ముద్ర మాత్రం స్టాంపు మీద స్పష్టంగా పడేలా చూడమని కౌంటర్లో వాళ్లను అడుగు. తేదీ కనబడాలి.